పండరి దారిలో కాఫీ మర

రెండేళ్ళ కింద మాఘమాసంలో మా దిండిలోని నలభై మంది నుదుటి మీద కాఫీ పొడి పెట్టుకుని పొద్దంతా నడిచారు. తప్పు నాదే.

దిండి అంటే పండరపురానికి కాలినడకన పోయే భక్తుల గుంపు. షోలాపూర్‌లో అశోక్ చౌక్ వెనుక ఉన్న మా సాంచల వాడ, అంటే మరమగ్గాల వాడ, నుంచి ఏటా ఒకటి బయలుదేరుతుంది. మూడు రోజులు నడక, నాలుగో పొద్దున పండరపురంలో చంద్రభాగ నది ఇసుక. తెల్లవారుజామున స్నానాలు కాగానే ఒకరు డబ్బీ పట్టుకుని వరుసలో అందరి నుదుటికీ బుక్కా పెడతారు. బుక్కా అంటే విఠోబాకు పెట్టే నల్లటి వాసన పొడి. ఆ ఏడు ఆ సేవ నాకు ఇచ్చారు. బుక్కా డబ్బీ, నా కాఫీ పొడి డబ్బీ రెండూ కొంతం చౌక్‌లో ఒకే దుకాణంలో కొన్న ఇత్తడివి. రెండూ ఒకే సంచిలో పెట్టాను. ఇంకా వెలుతురు రాలేదు. నేను తీసింది కాఫీ.

ఎవరికీ అనుమానం రాలేదు. "ఈసారి బుక్కా మంచి వాసనున్నది" అని ఒకావిడ మెచ్చుకుంది కూడా. మా దిండి పెద్దాయన ఒక్కరే నుదుటి మీది పొడిని వేలితో తీసి నాలుకకు రాసుకుని, నా వైపు చూసి, ముందుకు నడిచారు.

పెద్దాయన గురించి చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా మా దిండిలో పోతి చదివేది ఆయనే. పోతి అంటే ఎర్ర గుడ్డలో చుట్టిన మా గ్రంథం. పొద్దున నడక మొదలయ్యే ముందు అందులోంచి కొన్ని మరాఠీ ఓవీలు, అంటే పద్యాలు, చదివి, మావాళ్ళ కోసం ఒక్కొక్క ఓవీకీ తెలుగులో అర్థం చెప్పాలి. నేను పదకొండేళ్ళుగా ఆయన పక్కన కూర్చుని పేజీలు తిప్పుతున్నాను. అక్షరాలు నేర్పింది బడి అయినా, చదవడం నేర్పింది ఆయన. శనివారం భజన, ఏకాదశి పారాయణం, శ్రావణంలో సప్తాహం, అన్నింటికీ ఆయన వెనుకే. ఆ పోతి ఒకనాడు నా చేతికి వస్తుందన్న ఆశ నాకు ఉండేది. ఉండకూడదని ఆ పోతిలోనే ఉంది. అయినా ఉండేది.

కాఫీ నుదుళ్ళ మీదికి పోయిన రోజు నాకు తాగడానికి మిగల్లేదు. మా వాడంతా చాయ తాగేవాళ్ళే. నేను నాలుగు సాంచల మీద టవళ్ళు నేస్తాను. వాటిని కొనే మంగళూరు హోటలాయన ఒక దీపావళికి కాఫీ గింజల సంచి పంపాడు. ఎవరూ ముట్టకపోతే పారేయడం పాపమని నేను మొదలుపెట్టాను. అప్పటి నుంచి పొద్దున కాఫీ పడకపోతే పది గంటలకు కణతల్లో సాంచ ఆడుతుంది. మర్నాడు తెల్లవారుజామున పెద్దాయనకు దగ్గు తెర వచ్చి, ఒక పేజీ నన్ను చదవమన్నారు. పదకొండేళ్ళ తరవాత మొదటిసారి. ఒక ఓవీ రెండుసార్లు చదివాను. దాని తరవాతి దాన్ని అసలు చదవలేదు.

ఆయన పోతి వెనక్కి తీసుకుని మెల్లగా అడిగారు.

"తల నొస్తున్నదా బిడ్డా?"

"అవును మహారాజ్."

"ఎందుకు?"

చెప్పాను. ఆయన చాలాసేపు నడిచారు. తరవాత అన్నారు: "వచ్చే ఏడు రెండు రోజులు నీతోటి చదివిపిస్త. ఆఖరి రోజు ఇసుకల నేనే చదువుత. నువ్వు మంచిగ చదివితే ఆ తర్వాత పోతి నీదే. తల సక్కగుంచుకో."

తల సక్కగా ఉంచుకోవడానికి రెండు దారులు కనిపించాయి. కాఫీ మానేయడం ఒకటి. ఇంటికి వచ్చి నాలుగు రోజులు మానేశాను. నాలుగో రోజు మా ఆవిడ వచ్చి, "ఏందయ్యా, పొద్దటి సంది పడుగును తిట్టుకుంట కూసున్నవ్. గా పడుగు నీకేం జేసింది? కాఫీ తాగు" అంది. రెండోది, పొడి కాకుండా గింజలు తీసుకుపోవడం. గింజలు ఎంత చీకట్లోనైనా బుక్కాలా ఉండవు. అయితే గింజలను అక్కడ పొడి చేయాలి. మా దిండికి సామాను మోసే టెంపో ఒకటి ఉంది, మనిషికి ఒకే సంచి. మిక్సీకి కరెంటు లేదు. అలా చేత్తో తిప్పే చిన్న మర వెతకడం మొదలుపెట్టాను.

కొంతం చౌక్‌లో నాలుగు దుకాణాలు తిరిగాను. ఒకాయన మిరియాల గొట్టం చూపించాడు. ఇంకొకాయన మసాలా దంచే రోలు చూపించి, "కాఫీ ఏంది, దీంట్ల ఇటుక గూడ పొడైతది" అన్నాడు. నిజమే. రెండు కిలోలుంది. చివరికి ఫోనులోనే చూశాను. ఒక్కొక్క మరకూ వందల అభిప్రాయాలు. వాటిని పారాయణం చేసినట్టు రోజుకు ఇన్ని అని చదివాను. నాకు తెలిసిందేమంటే, మర లోపల తిరిగే పళ్ళు రెండు రకాలు. పింగాణీవి తేలిక, కానీ కింద పడితే పగులుతాయి. ఉక్కువి బరువు, కానీ పొడి సమంగా వస్తుంది. దిండిలో వస్తువులు కింద పడతాయి. ఉక్కు అనుకున్నాను. పిడి మడత పడాలి, లేకపోతే సంచిలో చిప్పలకూ భజన తాళాలకూ తగులుకుంటుంది. చప్పుడు తక్కువ ఉండాలి, ఎందుకంటే నేను లేచేటప్పటికి ముప్పై తొమ్మిది మంది నిద్రలో ఉంటారు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది కొలత. పది గ్రాములు పట్టేది ఒకటి, ఇరవై పట్టేది ఒకటి, ముప్పై పట్టేది ఒకటి. పది అంటే ఒక గ్లాసు. దిండిలో ఒక నియమముంది. ఎవరూ ఒంటరిగా ఏమీ తినరు, తాగరు. వండినది విఠోబాకు చూపించి, అందరూ పంచుకోవాలి. ఆ లెక్కన ఒక గ్లాసు మర కొనడం అంటే, నేను ఒక్కడినే తాగుతానని ముందే రాసిచ్చినట్టు. ముప్పై గ్రాములది నా చేతికి పట్టదు. ఇరవై తీసుకున్నాను. రెండు గ్లాసులు. రెండోది విఠోబాది అనుకున్నాను. ఆయన తాగరు కాబట్టి అదీ నాకే వస్తుంది. అప్పట్లో నాకు ఈ ఆలోచనలో తప్పేమీ కనిపించలేదు.

మర వచ్చింది. మగ్గంలో ఆడే నాడె అంత పొడవు లేదు, నూలు చుట్టే కండెలా సన్నగా లేదు, మధ్యలో ఏదో. మా ఆవిడ చేతిలో పట్టుకుని తూచింది.

"ఇదేనా? ఇంతోటి దానికి నెల రోజులు నిద్రపోలే?"

"పళ్ళు ఉక్కువి."

"నీ పళ్ళు గూడ ఉక్కువే. గింజలు నములు."

మా ఇంట్లో కొత్త యంత్రం ఏది వచ్చినా ముందు రెండు పనులు చేస్తాం. కుంకుమ పెడతాం, నూనె వేస్తాం. కుంకుమ పెట్టాను. తరవాత మర పిడి దగ్గర, పళ్ళ నడిమిన, సాంచకు వేసే నూనె నాలుగు చుక్కలు వేశాను. చేతికి అలవాటైన పని, ఆలోచించి చేసింది కాదు. మర చాలా తేలికగా తిరిగింది. పొడిని, గుడ్డలో పోగులు లెక్కబెట్టే భూతద్దం కింద పెట్టి చూశాను. సమంగా ఉంది. కాఫీ కాచాను. గ్లాసు మూతి దగ్గరకు తేగానే మా సాంచల షెడ్డు వాసన వచ్చింది. మా ఆవిడ ఒక గుటక వేసి, "రెండో సాంచ" అంది. రెండో సాంచే ఎక్కువ నూనె తాగుతుంది. ఆ మర వాసన పోవడానికి గుప్పెడు గుప్పెడుగా బియ్యం వేసి వారం రోజులు తిప్పాను. ఆ బియ్యప్పిండితో మా ఆవిడ వాకిట్లో ముగ్గు వేసింది. మూడో రోజు దాకా ముగ్గు కూడా షెడ్డు వాసనే కొట్టిందట.

నడక మొదలైంది. మొదటి రోజు పొద్దున ఇంట్లోనే తాగి బయలుదేరాను. ఆ పూట పెద్దాయనే చదివారు. రెండో తెల్లవారుజామున, తిర్హే దాటిన తరవాత ఆగిన బడి ఆవరణలో, అందరికంటే ముందు లేచాను. టెంపో వెనుకకు పోయి, మర మీద శాలువా చుట్టి తిప్పాను. పొయ్యి దగ్గర మిగిలిన నిప్పు మీద నీళ్ళు కాచి, మా టవలు ముక్కతో వడగట్టి, బెల్లం వేశాను. నైవేద్యానికి తులసి ఉండాలి కాబట్టి ఒక ఆకు వేసి విఠోబాను తలుచుకున్నాను. తులసి పడ్డ కాఫీ దగ్గు మందులా ఉంటుంది. అయినా తాగాను. ఆ పొద్దున పోతి చదివితే ఒక్క తప్పు పోలేదు. అర్థం చెప్పేటప్పుడు ముందు వరుసలో ఇద్దరు ముసలమ్మలు కళ్ళు తుడుచుకున్నారు. పెద్దాయన పేజీలు తిప్పారు.

నన్ను పట్టుకున్నది వంట చూసే అక్క. ఆమె బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో ఉంటుంది, వాళ్ళాయనకూ సాంచల మీదే పని. బీడీలు చుట్టి నలుగురు పిల్లలను పెంచింది. దిండిలో అందరం అందరినీ "మావులీ" అనే పిలుస్తాం. మావులి అంటే తల్లి. తిట్టేటప్పుడు కూడా అదే పిలుపు.

"మావులీ, తెల్లారక ముందు టెంపో ఎనుక గరగర ఏంది? ఎలుకనా?"

"కాఫీ అక్కా."

"ఒక్కనివే తాగినవా?"

"విఠోబాకు పెట్టిన."

"ఆయన ఎంత తాగిండు?"

అక్క మరను చేతిలోకి తీసుకుని మూత తీసి చూసి, వాసన పీల్చింది. నేను ఊరుకోకుండా ఒక మాట అన్నాను. పాండురంగడే తన భక్తురాలి ఇంటికి వచ్చి ఆమెతో కలిసి తిరగలి తిప్పాడు కదా, మరను తిప్పడం కూడా సేవే కదా అన్నాను. మా వాళ్ళందరికీ తెలిసిన కథ అది.

"తిప్పిండు" అంది అక్క. "గా పిండి రొట్టెలైంది. ఇంటిల్లిపాదీ తిన్నరు. ఆమె టెంపో ఎనుక కూసోని ఒక్కతే నాకలే."

మూడో తెల్లవారుజామున కాఫీ అందరికీ చేరింది. ఇరవై గ్రాములు వేసి పెద్ద గిన్నెడు నీళ్ళలో కాచి, అక్క తీర్థం ఇచ్చే ఉద్ధరిణితో ఒక్కొక్కరి అరచేతిలో పోసింది. నలభై మంది కళ్ళకద్దుకుని తాగి, తడి చెయ్యి తలకు రాసుకున్నారు. నాకూ ఒక ఉద్ధరిణి వచ్చింది. అడిగితే రెండోది పోయలేదు. ఆ పూట చదువు పరవాలేదు. ఒకచోట తడబడ్డాను గాని దిద్దుకున్నాను. రెండు రోజులూ అయిపోయాయి. ఇక ఆఖరి రోజు ఆయనది, ఆ తరవాత పోతి నాది అనుకున్నాను.

ఆ సాయంత్రం పెద్దాయన గొంతు పోయింది. రోడ్డు దుమ్ము, చలిగాలి, రెండు గంటల భజన. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. చేత్తో నన్ను చూపించి, తరవాత పోతిని చూపించారు. రేపు ఇసుకలో నువ్వే అని. ఆయన ముప్పై ఏళ్ళలో ఆ చదువు ఒక్కసారీ ఎవరికీ ఇవ్వలేదు. నేను బాధపడ్డాను. అదే సమయంలో రేపు ఏ ఓవీలు వస్తాయో, వాటికి అర్థం ఎలా చెప్పాలో మనసులో వరుస పెట్టుకుంటున్నాను. రెండూ ఒకేసారి జరిగాయి. సంచిలో ఇరవై గ్రాముల గింజలే మిగిలి ఉన్నాయి. పొద్దున ఈ ఒక్కసారికి అందరికీ పంచకుండా తాగడం తప్పు కాదేమో, చదువు అందరి కోసమే కదా అని కూడా అనుకున్నాను.

అప్పుడే అక్క వచ్చింది.

"మావులీ, నీ మర ఇయ్యి. శొంఠి, మిరియాలు పొడి జెయ్యాలె. మహారాజ్‌కు కషాయం పెడ్త."

"రోలు లేదా?"

"టెంపోల అడుగున పడ్డది, సామానంత పైన. నీది చేతిల ఉన్నది కదా."

మిరియాలు పడితే ఆ మర ఇక కాఫీకి పనికిరాదు. డబ్బా మీద కంపెనీవాళ్ళు బొమ్మ వేసి మరీ రాశారు. ఆ మాటే చెప్పాను. అక్షరం మార్చకుండా చెప్పాను. నేను చెప్పింది నిజం. నేను చెప్పనిది ఒకటుంది. గొంతు వస్తే రేపు ఆయనే చదువుతారు.

అక్క నన్ను కోపంగా చూడలేదు. చూస్తే బాగుండేది. నడుం మీద చెయ్యి పెట్టుకుని, "కంపెనోళ్ళు వద్దన్నరా?" అని అడిగింది.

"అవును."

"మంచిది. వాళ్ళు వస్తే నేను మాట్లాడ్త. తే."

ఇచ్చాను. ఇచ్చి, మళ్ళీ తీసుకున్నాను. ఆమెకు పళ్ళ దూరం తిప్పి పెట్టడం తెలియదు. శొంఠి గట్టిది, ముందు బరకగా తిప్పి, తరవాత సన్నగా తిప్పాలి. ఆ రాత్రి దిగిన బడి అరుగు మీద కూర్చుని నేనే తిప్పాను. మిరియాల ఘాటుకు తుమ్ములు వచ్చాయి. అక్క పక్కన కూర్చుని ఒక అభంగం ఎత్తుకుంది. తిప్పే చెయ్యి ఆ పాటకు తనంతట తనే కలిసింది. నేను పాండురంగడిని గాని, ఆ భక్తురాలిని గాని తలుచుకోలేదు. శొంఠి ఇంకెంత ఉందో చూశాను.

పెద్దాయన కషాయం ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసి, నా వైపు చూశారు. మాట లేదు కాబట్టి వేలితో నాలుకకు రాసుకున్నట్టు చేసి చూపించారు. కాఫీ వాసన వచ్చిందని. కిందటేడు నుదుటి మీద చూసిన రుచి ఆయనకు గుర్తుంది.

నాలుగో తెల్లవారుజామున నాకు కాఫీ లేదు. మరలో మిరియాలు. గింజలు సంచిలో అలాగే ఉన్నాయి. చంద్రభాగ ఇసుకలో, ఎన్నో దిండీల పాటలు ఒకదాని మీద ఒకటి పడుతుంటే, మేం కూర్చున్నాం. నా కణతల్లో సాంచ మొదలైంది. పెద్దాయన ఎర్ర గుడ్డ విప్పారు. గొంతు సవరించుకున్నారు. మాట వచ్చింది. గరుకుగా ఉన్నా, మాటే. నేను పేజీ తిప్పడానికి చెయ్యి చాపాను.

ఆయన పోతిని నా ఒళ్ళో పెట్టారు.

"నువ్వు చదువు. నాకొచ్చిన గొంతు నిన్ను దిద్దెటందుకు సరిపోతది."

చదివాను. తల నొస్తూనే ఉంది. అందుకని తొందరపడలేదు. అక్షరం మీద వేలు పెట్టి, మొదట్లో ఆయన నేర్పినట్టే చదివాను. ఒకచోట ఓవీ జారిపోయింది. నా వీపు వెనుక నుంచి మిరియాల గొంతు ఆ ఓవీ చదివింది. ఆగి, విని, అందుకున్నాను. మళ్ళీ ఒకచోట అలాగే అయింది. మూడోసారి నేను జారకముందే ఆయన దగ్గారు, చూసుకున్నాను. అర్థం చెప్పేటప్పుడు ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. అయితే ఎవరూ లేచి పోలేదు కూడా.

అయిపోయాక ఆయన పోతిని గుడ్డలో చుట్టి, ముడి వేసి, నా చేతికి ఇచ్చి, "తప్పులు రెండున్నర" అన్నారు. "అర నేను ఆపిన. మంగళవారం రా, మిగిలినయి నేర్పుత."

పోతి ఇప్పుడు మా ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. మంగళవారాలు పోతూనే ఉన్నాను. మరను మాత్రం అక్క తిరిగి ఇవ్వలేదు, నేను అడగలేదు. దిండి మసాలా డబ్బాలో దానికి ఒక గది ఇచ్చింది. మిగతా రోజుల్లో విడీ ఘర్కుల్‌లో ఆమె ఇంట్లోనే ఉంటుంది. నేను ఇంట్లో మిక్సీతో పొడి చేసుకుంటున్నాను. వచ్చే మాఘం నడకకు చాయ తాగుదామని, వారానికి ఒక రోజు అలవాటు చేసుకుంటున్నాను. ఆ రోజు మా ఆవిడ షెడ్డు వైపు రాదు.

మొన్న అక్క ఫోను చేసింది.

"మావులీ, నీ మర రాత్రి బిగుసుకపోయింది. ఎంతకూ తిరగలే."

"బియ్యం వేసి తిప్పక్కా. నూనె మాత్రం వేయకు."

అవతల మర గిర్రున తిరిగిన చప్పుడు వచ్చింది. తరవాత ఆమె అంది: "మా ఆయన పొద్దుగాల్నే నూనె ఏసిండు. సాంచది. ఇప్పుడు మస్తు తిరుగుతున్నది, గని నూనె వాసన పోతలేదు. ఈ వాసనకేం జెయ్యాలె?"